ఇప్పుడు తెరిచేదేది, దాచేదేది: ఇటలీ రెడ్ వైన్ల సంగతి

1872లో బెత్తీనో రికాసోలీ అనే టస్కనీ జమీందారు పీసా విశ్వవిద్యాలయం ప్రొఫెసరు ఒకాయనకు ఉత్తరం రాశాడు. రికాసోలీ మామూలు జమీందారు కాదు. కావూర్ తర్వాత ఇటలీకి ప్రధానమంత్రి అయినవాడు. తన బ్రోలియో కోటలో కియాంతి వైన్‌లో ఏ ద్రాక్ష ఏ పని చేస్తుందో ఏళ్ల తరబడి పరీక్షించాడు. తేల్చిందేమిటంటే: సువాసన, బలం సాంజోవేసే ద్రాక్ష ఇస్తుంది. దాని కరుకుదనాన్ని కనైయోలో తగ్గిస్తుంది. మల్వాజియా అనే తెల్ల ద్రాక్ష కలిపితే వైన్ తేలికపడి రోజువారీ భోజనంలోకి బాగుంటుంది. అయితే దాచుకోదలచిన వైన్ విషయంలో మాత్రం మల్వాజియా జోలికి పోకపోవడమే మంచిదన్నాడు.

ఆ ఒక్క ఉత్తరంలో రెండు వైన్లున్నాయి, ఈ ఏడే తాగేది ఒకటి, నేలమాళిగలో పెట్టేది ఒకటి. ఇటలీ రెడ్ వైన్ కొనేవాళ్లకు ఇవాళ్టికీ ఎదురయ్యే ప్రశ్న అదే. తమాషా ఏమిటంటే, 1967లో కియాంతికి డీఓసీ (ఫలానా చోటి వైన్ అని చట్టం వేసే ముద్ర) నిబంధనలు రాసినవాళ్లు ఆ ఉత్తరంలో సగమే చదివినట్టున్నారు. తెల్ల ద్రాక్ష 10 నుంచి 30 శాతం కలిపి తీరాలని శాసించారు. దాంతో పదికాలాలు నిలిచే వైన్ చేయాలనుకున్నవాళ్లు చట్టం గీసిన గీత దాటాల్సి వచ్చింది. ఆంతినోరి కుటుంబం 1971 తిన్యానెల్లో సీసా మీద నుంచి కియాంతి అనే పేరే తీసేసింది. సెర్జో మనెత్తి 1977లో పూర్తిగా సాంజోవేసేతోనే ‘లె పెర్గోలె తోర్తె’ చేశాడు. రెండూ దశాబ్దాలు నిలిచే సరుకు. రెండిటికీ దక్కిన హోదా మాత్రం అన్నిటికన్నా అడుగున ఉన్న ‘వీనో ద తావొలా’, అంటే మామూలు భోజనపు వైన్. కియాంతి క్లాసికోలో తెల్ల ద్రాక్ష వాడకూడదని నిబంధన మారేసరికి 2006 వచ్చింది.

ఈ పాత కథ ఎందుకంటే, ఇప్పటికీ చాలామంది లేబుల్ మీది అక్షరాలు చూసి దాచాలా వద్దా అని తేల్చుకుంటారు. డీఓసీ కన్నా పై మెట్టు డీఓసీజీ. ఆ ముద్ర వైన్ ఏ ఊరిది, ఏ ద్రాక్షది, ఎన్ని నెలలు ఆగి బయటికొచ్చిందన్నది చెబుతుంది. ఎప్పుడు తాగాలో చెప్పదు. మరికొంత ఎక్కువ కాలం ఆపిన వైన్‌కు వేసే ‘రిజెర్వా’ అన్న మాటా అంతే. మరి చూడాల్సిందేమిటి? నా లెక్కలో ద్రాక్ష, పులుపు, చేసినవాడి చేయి. వీటితోపాటు ఇటలీలో ఒక గొప్ప సౌకర్యముంది. పేరున్న ప్రతి పెద్ద వైన్‌కూ అదే ఇంట్లో, తరచు అదే తోటలో పుట్టిన తమ్ముడొకడుంటాడు. ఈ అన్నదమ్ముల జంటలు తెలిస్తే ప్రశ్న సగం తీరినట్టే.

ముందు పులుపు, వగరుల సంగతి. నేరేడుపండు తిన్నాక నాలుక పిడచకట్టినట్టవుతుంది చూడండి, టానిన్ పని అదే. ద్రాక్ష తొక్క, గింజల నుంచి దిగి, నోట్లో లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు, రంగునిచ్చే పదార్థాలు ఒకదానితో ఒకటి ముడిపడి పెద్దవై, కొంత మడ్డిగా అడుగుకు దిగుతాయి. వగరు మెత్తబడుతుంది, ఊదా రంగు ఇటుక రంగుకు తిరుగుతుంది. తాజా పండు వాసన తగ్గి ఎండు గులాబీ, తోలు, పొగాకు, పుట్టగొడుగు వాసనలు తేలతాయి. బిరడా గుండా చొరబడే పిసరంత ఆక్సిజన్ దీనికి సాయం. నిలవ అనగానే అందరూ టానిన్‌నే చూస్తారు. నేను మొదటి మార్కు పులుపుకే వేస్తాను. వగరు కాలంతో కరుగుతుంది, పులుపు దాదాపు అలాగే ఉంటుంది. పండు వెనక్కి తగ్గాక వైన్‌ను నిలబెట్టేది అదే. వగరు దండిగా ఉండి పులుపు చాలని వైన్ పదేళ్ల తర్వాత మొద్దుబారి నోట్లో బరువుగా పడుకుంటుంది.

ఇక పీడ్‌మాంట్. దాచడం అనే మాటకు ఇటలీలో అసలు చిరునామా లాంగె కొండలే. ఇక్కడి నెబియోలో ద్రాక్ష కొత్తవాళ్లను నిలువునా మోసం చేస్తుంది. గ్లాసులో పోస్తే అవతలి వేలు కనిపించేంత పలచటి రంగు, అంచున అప్పుడే కాస్త నారింజ ఛాయ. వాసన చూస్తే గులాబీ, చెర్రీ. ఇదేదో తేలికపాటి సరుకు అనుకుని గుక్క వేస్తే చిగుళ్లు బిగుసుకుపోతాయి. రంగుకూ వగరుకూ సంబంధం లేదని ఇంత స్పష్టంగా నేర్పే ద్రాక్ష ఇంకోటి లేదు. వగరూ పులుపూ రెండూ నిండుగా ఉన్న అరుదైన ద్రాక్ష ఇది. దీనితో చేసే బరోలో కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఆగాకే అంగడికి వస్తుంది. ఇదే ద్రాక్షతో చేసే పొరుగు వైన్ బార్బరెస్కోకు 26 నెలలు చాలు. కానీ బయటికి వచ్చిన నాటి బరోలో తాగడానికి సిద్ధమైనట్టు కాదు, కొనడానికి సిద్ధమైనట్టు. మంచి సంవత్సరపు సంప్రదాయ బరోలోకు పంటనాటి నుంచి పది పన్నెండేళ్లు ఇవ్వడం నా అలవాటు.

బరోలో అంతా ఒకే తీరు కాదు. పదకొండు గ్రామాల్లో, పడమటి వైపు లా మొర్రా, బరోలో ఊళ్ల నేలలు కాస్త మెత్తటి, త్వరగా విచ్చుకునే వైన్ ఇస్తాయి. తూర్పున సెర్రాలుంగా దాల్బా, దక్షిణాన మోన్‌ఫోర్తే వైపు వైన్ కఠినం, నిదానం. సీసా మీద గ్రామం పేరో తోట పేరో ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా ఐదేళ్ల తేడా పట్టేయొచ్చు.

చేసినవాడి చేయి అన్నానే, అది ఇక్కడ కుటుంబాలనే చీల్చింది. 1983లో ఎలియో అల్తారే అనే కుర్ర రైతు చైన్‌సా తీసుకుని తండ్రి నాటి పెద్ద పీపాలను కోసేశాడు. వాటి స్థానంలో ఫ్రెంచి పద్ధతిలో 225 లీటర్ల చిన్న కొత్త ఓక్ పీపాలు, ‘బారిక్’లు తేవాలని అతని పట్టుదల. తండ్రి కొడుక్కి ఆస్తి దక్కకుండా చేశాడు. తొక్కలతో వైన్‌ను వారాల తరబడి నానబెట్టడం మాని కొద్ది రోజుల్లో ముగించడం, కొత్త ఓక్ తీపి వాసన పట్టించడం, తొందరగా తాగేలా తయారుచేయడం ఈ కొత్త దారి. అమెరికాలో అది బాగా నచ్చింది. అవతలి పక్షాన బార్తోలో మస్కరెల్లో, అప్పటి ఇటలీ రాజకీయ నేతను కూడా కలిపి, ‘బారిక్ వద్దు, బెర్లుస్కోనీ వద్దు’ అని లేబుల్ మీదే చేత్తో రాసుకున్నాడు. ఇవాళ ఆ గొడవ చల్లారింది. చాలామంది పెద్ద పీపాలకే తిరిగొచ్చారు, అల్తారే తెచ్చిన శుభ్రత, తోటలో కాపు తగ్గించడం లాంటివి మాత్రం అందరూ నేర్చుకున్నారు. ఎవరు గెలిచారంటే, నిలవ విషయంలో పాత పక్షమే అంటాను. 1990ల నాటి ఓక్ మోత ఎక్కువైన సీసాలు కొన్ని ఇప్పుడు తెరిస్తే పండు పోయి చెక్క మాత్రమే మిగిలి ఉంటోంది.

ఇక్కడి తమ్ముడు లాంగె నెబియోలో. ఆ ద్రాక్షే, ఆ చేతే, పీపాలో తక్కువ కాలం, ధరలో సగమో ఇంకా తక్కువో. కొన్న ఏడే తాగొచ్చు. ఇంకా చిన్నవి దోల్చెత్తో, బార్బేరా. దోల్చెత్తో పులుపు తక్కువ, రెండు మూడేళ్లలో ముగించాలి. బార్బేరాకు వగరు తక్కువ, పులుపు ఎక్కువ. మసాలా కూరల ఇళ్లకు ఇంతకన్నా నమ్మకమైన ఇటలీ వైన్ నాకు తెలియదు. కారం ఉన్న కూరతో టానిన్, ఆల్కహాల్ కలిస్తే నోరు మరింత మండుతుంది. గోంగూర మాంసం ముందు బరోలో పెడితే కూరా పాడు, వైనూ పాడు. అదే బార్బేరా అయితే గోంగూర పులుపుకు తన పులుపుతో సరితూగుతుంది.

డబ్బుకు తగిన సరుకు కావాలంటే బార్బరెస్కో ఊరి సహకార సంఘం దగ్గరికి వెళ్లాలి. 1958లో ఆ ఊరి చర్చి పూజారి దాన్ ఫియోరీనో మరెంగో 19 మంది చిన్న రైతులను కూడగట్టి ‘ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో’ను మొదలుపెట్టాడు. సహకార సంఘం అనగానే మనకు నాసిరకం గుర్తొస్తుంది. ఇది అలాంటిది కాదు. వీళ్లు నెబియోలో తప్ప ఇంకో ద్రాక్ష ముట్టరు. మంచి ఏళ్లలో అసీలి, రబాయా, మోన్‌తెస్తెఫానో వంటి తొమ్మిది తోటల వైన్లను విడివిడిగా రిజెర్వాలుగా నింపుతారు. ఏడు బాగా లేదనిపిస్తే ఆ తోటల ద్రాక్ష అంతా మామూలు బార్బరెస్కోలోకే పోతుంది. అంటే చెడ్డ ఏడు అని అందరూ వదిలేసిన ఏటే మామూలు సీసాలో మేలిరకం ద్రాక్ష పడుతుంది. వీళ్ల లాంగె నెబియోలో ఇప్పటికి, మామూలు బార్బరెస్కో ఐదారేళ్ల తర్వాతకి, రిజెర్వా పిల్లల కాలేజీ చదువు నాటికి. ఒకే ఇంటి సరుకుతో మొత్తం ప్రశ్నకు ఇంత చవగ్గా జవాబు దొరకడం అరుదు.

టస్కనీకి వద్దాం. మోంతల్చీనో కొండ మీది బ్రునెల్లో నూటికి నూరుపాళ్లు సాంజోవేసే. ఫెరూచ్చో బియోందీ సాంతి 1888 పంటతో దీనికి పేరు తెచ్చాడు. ఆ కుటుంబపు 1955 రిజెర్వాను వైన్ స్పెక్టేటర్ పత్రిక 1999లో ఇరవయ్యో శతాబ్దపు పన్నెండు గొప్ప వైన్లలో ఒకటిగా లెక్కవేసింది. బ్రునెల్లో పంట తర్వాత ఐదో ఏడు జనవరి 1న గానీ అమ్మకానికి రాదు. తమ్ముడు రోసో ది మోంతల్చీనో మరుసటి ఏడు సెప్టెంబరుకే వస్తాడు. వానలు ముంచిన 2014లాంటి ఏట కొందరు బ్రునెల్లో చేయకుండా ద్రాక్షను రోసోలోకి దించేశారు. మంచి ఇంటి రోసో, పేరు తెలియని ఇంటి బ్రునెల్లో ఒకే ధరకు ఎదురైతే నేను రోసోనే తీసుకుంటాను. బ్రునెల్లో అన్న పేరు మీద గిరాకీ పెరిగి కొండ కింద వెచ్చటి పల్లపు నేలల్లోనూ తోటలు వేశారు. ఆ వైన్లు నిండుగా, తియ్యటి పండుతో, ఐదారేళ్లకే బాగుంటాయి. దాచేవాళ్లకు ఎత్తున ఉన్న తోటలే మేలు.

కియాంతి క్లాసికో సంగతి వేరు. నల్ల కోడిపుంజు గుర్తున్న మామూలు సీసా ఇటలీలో రోజువారీ రెడ్ వైన్లకు రాజు. మూడు నుంచి ఏడేళ్లలో తాగేయాలి. 2014లో ‘గ్రాన్ సెలెత్సియోనే’ అని ఒక పై మెట్టు కట్టారు. సొంత తోటల ద్రాక్షే వాడాలి, 30 నెలలు ఆపాలి. అందులో కొన్ని నిజంగా గొప్పవి. చాలావాటిలో మాత్రం బరువైన సీసా, బరువైన ఓక్, బరువైన ధర. రిజెర్వా దగ్గరే ఆగిపోతే నష్టం లేదు. ఎత్తున ఉన్న రాద్దా, గయోలె ఊళ్ల రిజెర్వాలు పన్నెండు పదిహేనేళ్లు హాయిగా నిలుస్తాయి, ధరలో బ్రునెల్లోకు చాలా కింద.

సముద్రం ఒడ్డున బోల్గెరిలో మారియో ఇంచీసా దెల్లా రొక్కెత్తా నాటింది సాంజోవేసే కాదు, ఫ్రాన్సు ద్రాక్ష కబెర్నే. ఆయన సస్సికాయా 1968 పంటతో అంగడికి వచ్చింది. ముప్ఫై ఏళ్లు నిలిచే వైన్, అనుమానం లేదు. ఇటలీ రుచి కోసం వెతికేవాళ్లు అంత డబ్బు అక్కడ ఎందుకు పెట్టాలన్నది మాత్రం నాకు ఇంకా అర్థం కాలేదు.

వెరోనా దగ్గరి అమరోనేను దాచే విషయంలో నాది కాస్త మొండి అభిప్రాయం. కొర్వీనా, కొర్వినోనే, రొందినెల్లా గుత్తులను కోసి, గాలాడే అటకల మీద వెదురు తట్టల్లోనో చెక్కపెట్టెల్లోనో ఒక్క వరుసగా పరిచి వంద నుంచి నూటఇరవై రోజులు ఎండబెడతారు. కిటికీలు తెరిచి పొడిగాలి ఆడనిస్తారు. బూజు పట్టిన గింజలు ఏరేస్తారు. బరువు మూడో వంతుకు పైగా తగ్గాక, చలికాలం నడుమ నలిపి పులియబెడతారు. ఫలితం 15, 16 శాతం ఆల్కహాల్‌తో, ఎండుద్రాక్ష, చాక్లెట్ వాసనతో నిండుగా ఉండే వైన్. బెర్తానీ, క్వింతారెల్లి వంటి ఇళ్ల సీసాలు దశాబ్దాలు నిలిచిన మాట నిజమే. కానీ మిగతా వాటిలో చాలావరకు బయటికొచ్చిన నాడే తమ బలమంతా చూపిస్తాయి. పదేళ్లు ఆపితే ఇంకా ఎండిపోవడమే తప్ప పెరిగేది కనబడదు. ఆ రుచి ఇష్టమైతే అమరోనే తొక్కల మీద మామూలు వాల్పోలిచెల్లా వైన్‌ను పోసి తీసిన తమ్ముడు వాల్పోలిచెల్లా రిపాస్సో తెచ్చుకుని చలికాలంలో తాగేయండి.

దక్షిణం గురించి వ్యాపారులు తక్కువ చెబుతారు, దాచేవాళ్లకు బేరం అక్కడే ఉంది. కంపానియాలోని తౌరాసి, బసిలికాతాలోని ఆల్యానికో దెల్ వూల్తురె, రెండిటికీ మూలం ఆల్యానికో అనే ఒకే ద్రాక్ష. అగ్నిపర్వతపు నేల, ఎత్తైన కొండలు, అక్టోబరు చివరికో నవంబరుకో గానీ పండని కాయ. నెబియోలోతో పోటీపడే వగరు, పులుపు. మస్త్రోబెరార్దీనో ఇంటి 1968 తౌరాసిని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. బరోలో ధరలో సగానికి పదిహేనేళ్లు నిలిచే వైన్ దొరుకుతుంటే జనం ఇటు చూడకపోవడానికి కారణం ఫ్యాషన్ తప్ప ఇంకేమీ కాదు. మధ్య ఇటలీలోని ఉంబ్రియా సాగ్రాంతీనోలో ఇంకా ఎక్కువ టానిన్ ఉంది. కానీ అది మెత్తబడేదాకా పండు ఆగుతుందా అన్న సందేహం నాకు ప్రతి సీసాకూ వస్తుంది. అబ్రూత్సోలో మోంతెపుల్చానో ద్రాక్షతో ఎమీదియో పెపే చేసేవి దశాబ్దాలు నిలుస్తాయి, అదే పేరుతో దొరికే చవక సీసాలు ఈ వారాంతానికే. పేరు చూసి పొరబడకండి, టస్కనీలోని వీనో నోబిలె ది మోంతెపుల్చానోలో ఆ పేరు ఊరిది, ద్రాక్ష మాత్రం సాంజోవేసే. ప్రిమితీవో, నీరో దావోలా, ఫ్రప్పాతో ద్రాక్షల వైన్లు ఇప్పుడు తాగేవే. ఎట్నా అగ్నిపర్వతం మీది నెరెల్లో మస్కలేజే పలచటి రంగులో నెబియోలోను గుర్తుకుతెస్తుంది. బరోలోలో కొత్త పక్షాన్ని అమెరికాకు పరిచయం చేసిన దళారి మార్కో దె గ్రాత్సియానే 2002 నుంచి అక్కడ వైన్ చేస్తున్నాడంటే, గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. ఆ కొత్త తరం ఎట్నా వైన్లు ముప్ఫై ఏళ్లకు ఎలా ఉంటాయో చూసినవాళ్లు లేరు. ఎనిమిదేళ్లలోపు తాగడమే క్షేమం.

సంవత్సరాల పట్టికలను నమ్మొచ్చా? కొంతవరకు. పీడ్‌మాంట్‌లో 2010, 2013, 2016, 2019 దాచాల్సినవి. టస్కనీలో 2010, 2016, 2019. 2017 వేడి ఏడు, 2018 బరోలో తేలిక, రెండూ ఇప్పుడు తెరవొచ్చు. అయితే వైన్ స్పెక్టేటర్ 2000 పీడ్‌మాంట్ పంటకు నూటికి నూరు వేసింది. ఆ వేడి ఏటి వైన్లు త్వరగా తియ్యగా విచ్చుకున్నాయి, జనం ఎగబడి కొన్నారు. దాని చుట్టూ ఉన్న 1996, 1999, 2001 ఈనాటికి దాన్ని దాటిపోయాయి. వానలు, వడగళ్లు చెరిపిన 2002లో చాలామంది చేతులెత్తేస్తే జాకొమో కొంతెర్నో ఇల్లు తన శిఖరం లాంటి మోన్‌ఫోర్తీనో చేసి చూపించింది. అందుకే పట్టిక కన్నా ముందు ఇంటి పేరు చూడాలంటాను.

ఒక సీసా దాచదగ్గదా అని ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఉంది. రెండు మూడు సీసాలు కొంటే ఒకటి తెరిచి గ్లాసు తాగి, బిరడా బిగించి వంటింట్లో చల్లటి మూల పెట్టండి. మర్నాడు, ఆ మర్నాడు రుచి చూడండి. రెండో రోజుకు ఇంకా విచ్చుకుంటే మిగతావి దాచండి. మొదటి రోజే బాగుండి మర్నాటికి చప్పబడితే ఈ ఏడే పూర్తిచేయండి. విమర్శకులు ఇచ్చే ‘2030 నుంచి 2050’ అన్న గడువుల కన్నా ఇది నమ్మదగ్గది.

దాచేది ఎక్కడ అన్నది మనవాళ్లకు వేరే చిక్కు. వైన్‌కు 12 నుంచి 14 డిగ్రీలు, చీకటి, కాస్త తేమ కావాలి. అన్నిటికన్నా ముఖ్యం వేడి మారకుండా ఉండటం. వేడి పెరిగేకొద్దీ లోపలి మార్పులు త్వరపడతాయి, అందులో మంచివాటితోపాటు చెడ్డవీ ఉంటాయి. మే నెలలో 42 డిగ్రీలు తాకే హైదరాబాద్‌లో, విజయవాడలో రాత్రి ఏసీ, పగలు ఉక్క ఉండే పడగ్గది బీరువా అన్నిటికన్నా చెడ్డ చోటు. అపార్ట్‌మెంట్ సెల్లార్ కార్లకే. వైన్ ఫ్రిజ్, దానికి కరెంటు పోతే ఆదుకునే ఏర్పాటు లేనివాళ్లు బరోలో జోలికి పోకుండా బార్బేరా, రోసో, కియాంతి క్లాసికో కొని ఏడాదిలో తాగడమే తెలివైన పని. పైగా మన దేశంలో దిగుమతి సుంకాలతో సీసా ధర ఇటలీలో కన్నా ఎన్నో రెట్లవుతుంది. అంత పెట్టి కొన్నదాన్ని ఉడికించుకోవడం ఎందుకు? డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకు బేస్‌మెంట్ ఉంటే అదృష్టం. డాలస్ ఇళ్లకు అదీ అరుదే, గరాజ్ మాత్రం వద్దు. తాగేటప్పుడూ ‘రూమ్ టెంపరేచర్’ అన్న మాట మన గదులకు వర్తించదు. 16, 17 డిగ్రీలు కావాలి, కాబట్టి ఏ రెడ్ వైనైనా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.

పాత సీసా తెరిచే ముందు ఒకటి రెండు రోజులు నిలబెట్టి ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. పాతికేళ్లు దాటిన బిరడా పొడిపొడిగా విరుగుతుంది. మామూలు స్క్రూ కన్నా రెండు రేకుల మధ్య బిరడాను పట్టుకుని లాగే సాధనం మేలు. డికాంటర్ (వైన్ వంచుకునే గాజు కూజా)లోకి మెల్లగా వంచుతూ, సీసా మెడ కింద లైటు పెట్టుకుని మడ్డి దారం కనిపించగానే ఆపాలి. అది పోయడం కూడా తాగే ముందే, ముందుగా పోసి ఉంచితే ఉన్న కాస్త సువాసనా గాలికి పోతుంది. అదే ఓపిక పట్టలేక ఐదేళ్ల బరోలో తెరిచారనుకోండి, పొద్దున్నే డికాంటర్‌లోకి వంచి రాత్రి భోజనం దాకా వదిలేయండి. పక్కన కారం తక్కువ, కొవ్వు ఎక్కువ ఉన్న మాంసం ఉంటే ఆ వగరు చాలావరకు దారికొస్తుంది.